దీపాలు ఆర్పేస్తే బేరాలెలా?

1942లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నా దీపాలు ఆర్పేది లేదంటూ అమెరికా తూర్పు తీరపు హోటళ్ల యజమానులు చూపిన గుండెనిబ్బరాన్ని చరిత్రకారులు ఎప్పుడూ చిన్నచూపే చూశారు. ఇది అన్యాయం. యుద్ధం ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. ఫ్లోరిడాలో టూరిస్టు సీజన్ పోతే మళ్లీ ఏడాది దాకా రాదు!

ఆ జనవరిలో జర్మన్ అడ్మిరల్ డోనిట్స్ ఐదంటే ఐదు సబ్‌మెరైన్లను అటు పంపాడు. వాటిలో ఒకటైన యు-123 కెప్టెన్ హార్డెగెన్ దగ్గర న్యూయార్క్ తీరానికి సరైన నౌకాపటం కూడా లేదు, టూరిస్టు గైడు పుస్తకమే దిక్కు. పాపం, పరాయి దేశం, చీకట్లో ఏం తడుముకుంటాడు? ఆ ఇబ్బంది ఆతిథేయులు రానివ్వలేదు. లైట్‌హౌసులు, హోటళ్లు, సముద్రపొడ్డు రోడ్లు, అన్నీ దేదీప్యమానం. ఆ వెలుగుకు అడ్డంగా వెళ్లే ట్యాంకర్లు తోలుబొమ్మలాట తెర మీద బొమ్మల్లా కనబడేవి. ఆ రోజుల్ని జర్మన్ నావికులు 'రెండో సుఖకాలం' అని చెప్పుకున్నారంటే, మర్యాదలు ఎలా జరిగాయో చూడండి.

సబ్‌మెరైన్లు వస్తున్నాయని బ్రిటన్ ముందే హెచ్చరించింది. ఓడల్ని కాపలా పెట్టి గుంపుగా నడపమని సలహా కూడా ఇచ్చింది. అడ్మిరల్ కింగ్ గారి అమెరికా నౌకాదళం లోతుగా ఆలోచించి, అరకొర కాపలా ఉన్న గుంపు కన్నా అసలు గుంపే లేకపోవడం మేలని తేల్చింది. కాబట్టి ఓడలు ఎవరి చావు వాళ్లు చచ్చాయి.

నౌకాదళం చేతులు ముడుచుకుని కూర్చుందనకండి. జనవరి 28 నాటిదంటూ ఒక పైలట్ ఖాతాలో 'సబ్‌మెరైన్ కనిపించింది, ముంచేశాం' అన్న కబురు వేసి దేశమంతా చాటింది. ఆ రోజు ఏ సబ్‌మెరైనూ మునగలేదు. అయితేనేం, మాట బాగుంది కదా. అమెరికా యుద్ధనౌక రోపర్ నిజంగానే యు-85 అనే జర్మన్ సబ్‌మెరైన్‌ను ముంచేసరికి ఏప్రిల్ 14 వచ్చింది.

అంతకు నాలుగు రోజుల ముందు, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ బీచ్‌లో జనం టికెట్టు లేని ఆట ఒకటి చూశారు. తొలి ప్రయాణంలో ఉన్న గల్ఫ్‌అమెరికా అనే ట్యాంకర్ ఒడ్డుకు కనబడేంత దగ్గరలో భగ్గున మండింది. ఫిరంగి గుండ్లు ఒడ్డున ఇళ్ల మీద పడతాయేమోనని హార్డెగెన్ తన సబ్‌మెరైన్‌ను తీరానికీ ఓడకూ మధ్యలోకి తెచ్చి మరీ కాల్చాడు. ఊరి దీపాల మీద అంత శ్రద్ధ ఇంకెవరికుంటుంది? ట్యాంకర్‌లో 19 మంది పోయారు. మర్నాడు గవర్నర్ గారికి స్విచ్ ఎక్కడుందో గుర్తొచ్చింది.

ఆరు నెలల్లో దాదాపు 400 ఓడలు, సుమారు 5 వేల ప్రాణాలు పోయాయి. ఇంత జరిగాక కారణం కనిపెట్టకుండా ఊరుకుంటారా? 'వాగే నోళ్లు ఓడల్ని ముంచుతాయి' అని పోస్టర్లు వెలిశాయి. దోషి దొరికాడు: రేవు పక్క బార్‌లో కూర్చుని కబుర్లు చెప్పే నావికుడు.