హైస్కూలు టైంటేబుల్లో సైబర్ భద్రతకు చోటు కావాలి

శ్రీకాకుళం జిల్లా తీర గ్రామాల మత్స్యకారులు చేపల వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస పోతారు. పలాస, సోంపేట, చీపురుపల్లి ప్రాంతాల నుంచి భవన నిర్మాణ పనులకు హైదరాబాద్, చెన్నై వెళ్లే కుటుంబాలూ తక్కువేమీ కాదు. వాళ్లు పంపే సొమ్ము బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసేది, గ్యాస్ బుక్ చేసేది, పథకం డబ్బుల సందేశాన్ని అమ్మమ్మకు చదివి వినిపించేది చాలా ఇళ్లలో ఎనిమిదో తరగతో తొమ్మిదో తరగతో చదివే పిల్లలే. ఇంటి లావాదేవీలన్నీ వాళ్ల చేతి మీదుగా నడుస్తున్నప్పుడు, వాళ్లకు సైబర్ భద్రత నేర్పడమంటే ఆ ఇంటి కష్టార్జితానికి కాపలా పెట్టడమే.

ఇప్పుడు మన హైస్కూళ్లలో ఈ పేరిట జరుగుతున్నది ఎక్కువగా అవగాహన సదస్సు. పోలీసు అధికారి వచ్చి ఓటీపీ చెప్పొద్దంటారు, తెలియని లింకు నొక్కొద్దంటారు, సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరు గుర్తుంచుకోమంటారు. ఆ మాటలన్నీ అవసరమే, చెప్పేవారి శ్రమా గౌరవించదగినదే. కానీ నిషేధాల జాబితా నిన్నటి మోసాన్ని మాత్రమే ఆపగలదు. ఓటీపీ అడగడంతో ఆగక, పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరించే కాలం వచ్చింది. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన మన్ కీ బాత్ ప్రసంగంలో ఆ మోసం గురించే హెచ్చరించవలసి వచ్చింది. రేపటి మోసం ఏ వేషంలో వస్తుందో ఏ సదస్సూ ముందుగా చెప్పలేదు. మోసం పనిచేసే తీరు తెలిసిన విద్యార్థి మాత్రం కొత్త వేషాన్నీ పసిగట్టగలడు.

వాట్సాప్‌లో వచ్చే పెళ్లి శుభలేఖనే తీసుకుందాం. మోసగాడు పంపేదైతే అది ఫొటోగానో పీడీఎఫ్‌గానో కాకుండా ఏపీకే ఫైలుగా వస్తుంది. ఏపీకే అంటే కాగితం కాదు, ఫోనులోకి ఎక్కే యాప్. నొక్కగానే, తెలియని చోటు నుంచి వచ్చిన యాప్‌ను అనుమతించాలా అని ఫోనే అడుగుతుంది. ఆ తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి కావాలంటుంది. శుభలేఖకు మన ఎస్సెమ్మెస్‌లతో పనేమిటి? ఈ ఒక్క ప్రశ్న వేసుకోవడం అలవాటైతే, బ్యాంకు పంపే ఓటీపీ దొంగ చేతికి చేరే దారి అక్కడే మూసుకుపోతుంది. ఆ అనుమతి తెరను తరగతిలోని డిజిటల్ ప్యానెల్ మీద చూపించి, ఒక్కో యాప్‌కు ఏ అనుమతి ఎందుకు అవసరమో పిల్లల చేతనే చెప్పించడానికి ఒక పీరియడ్ చాలు.

లింకు చదవడమూ అంతే. వెబ్ చిరునామాలో అసలు యజమాని పేరు మొదట కనిపించదు. మొదట్లో ఉండే ‘https://’ను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదువుకుంటూ రావాలి. చివర ‘డాట్ జీవోవీ డాట్ ఇన్’ ఉంటే అది ప్రభుత్వానిది. అదే ‘జీవోవీ’ మొదట్లోనో మధ్యలోనో ఉండి చివర ‘డాట్ కామ్’ ఉంటే, దాన్ని ఎవరైనా కొనుక్కుని పెట్టి ఉండవచ్చు. పథకం సొమ్ము విడుదలయ్యే రోజుల్లో ఊరి గ్రూపుల్లో తిరిగే లింకులను పది పోగుచేసి, అసలువీ నకిలీవీ వేరుచేయమంటే పిల్లలు పోటీపడి చేస్తారు. పాస్‌వర్డు పాఠాన్ని గణితం మాస్టారికే అప్పగించవచ్చు. నాలుగంకెల పిన్‌కు 10 వేల అవకాశాలుంటే ఆరంకెల పిన్‌కు 10 లక్షలు ఎలా వచ్చాయో నల్లబల్ల మీదే తేలిపోతుంది.

ఇవన్నీ నేర్పితే పిల్లలు హ్యాకింగ్ వైపు పోరా అని కొందరు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు సందేహిస్తారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే ఆసక్తి ఉన్న పిల్లవాడు యూట్యూబ్‌లో ఎలాగూ వెతుక్కుంటాడు. అక్కడ హద్దులు చెప్పేవారుండరు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 2013 నుంచి నడుపుతున్న పికోసీటీఎఫ్ పోటీలో పాఠశాల విద్యార్థులకు ప్రత్యేకంగా తయారుచేసిన చిక్కుముడులిస్తారు, వాటిని విప్పడంలో ఎవరి కంప్యూటరుకూ హాని జరగదు. పరాయి వ్యవస్థలోకి అనుమతి లేకుండా దురుద్దేశంతో చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చని కూడా అదే తరగతిలో చెప్పాలి.

ఉత్తరాంధ్రకు ఈ చదువు మరింత అవసరం కావడానికి ఇంకో కారణం ఉంది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా ఉదంతంలో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి తీసుకెళ్లిన మన యువకుల చేత సైబర్ మోసాలు చేయించారు. కమీషన్ ఆశచూపి కుర్రాళ్ల బ్యాంకు ఖాతాలను అద్దెకు తీసుకుని, దోచిన సొమ్మును వాటిగుండా మళ్లించే ముఠాలూ ఉన్నాయి. పోలీసులు ముందుగా చేరేది ఆ ఖాతాదారు ఇంటికే. ఖాతా అద్దెకివ్వడం నేరంలో పాలుపంచుకోవడమేనని పదో తరగతి దాటకముందే తెలియాలి, ఎందుకంటే ఆ తర్వాత చాలామంది పిల్లలు ఊరు విడిచిపోతారు.

బోధించేదెవరన్న ప్రశ్న కష్టమైనదే కానీ దారి లేనిది కాదు. ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీలో చదివేవారిలో ఎక్కువమంది ఇలాంటి గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల నుంచి వెళ్లినవారే. వాళ్లు నెలకొకసారి చుట్టుపక్కల హైస్కూళ్లకు వచ్చి పాఠం చెబితే, పిల్లలు తమ ఊరి అన్నయ్య మాటగా వింటారు. హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ తయారుచేసిన అవగాహన సామగ్రి సిద్ధంగా ఉంది. పదో తరగతి మీద పరీక్షల ఒత్తిడి ఉంది గనుక ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికొక పీరియడ్ ఇస్తే సరిపోతుంది. మార్కులు మాత్రం ఉండాలి. మార్కుల్లేని పీరియడ్‌ను డిసెంబరు వచ్చేసరికి వేరే సబ్జెక్టు తీసేసుకుంటుందని బడి సంగతి తెలిసినవారందరికీ తెలుసు.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఫొటో మార్చి బెదిరించేవాడి గురించి ఇంట్లో చెబితే ముందు ఫోను లాక్కుంటారని, ఆపై చదువు మాన్పిస్తారని భయపడి అమ్మాయిలు నోరు విప్పరు. మహిళలు, పిల్లలకు సంబంధించిన అసభ్య చిత్రాలపై జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చన్న సంగతి వాళ్లకు బడిలోనే తెలియాలి. ప్రతి హైస్కూల్లోనూ ఇలాంటి మాట వినడానికి ఒక ఉపాధ్యాయురాలిని నియమించి, ఫిర్యాదు ఎలా చేయాలో, సాక్ష్యంగా స్క్రీన్‌షాట్ ఎలా దాచుకోవాలో ఆమెకు శిక్షణ ఇవ్వాలి. ఆమె పేరు ప్రతి తరగతి గదిలోనూ రాసిపెట్టాలి.