చిత్తు కాగితానికి ఎర్ర చుక్క

మా దగ్గరి చిన్న చిత్రశాలవారు బొమ్మలు వేయడం బొత్తిగా రానివారి కోసం నీటిరంగుల కార్యశాల నిర్వహిస్తున్నారనీ, చివరన అందరి చిత్రాలతో పది రోజుల ప్రదర్శన కూడా పెడతారనీ తెలిసినప్పుడు, కోరిన అర్హత నాకు పుష్కలంగా ఉన్నదన్న ధైర్యంతో ఆ రోజే పేరు నమోదు చేయించుకున్నాను. మా ఆవిడ మాత్రం, "ఏమండీ, నేర్చుకోవడం వరకు బాగానే ఉంది, గోడకెక్కించడం ఎందుకండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నలోని దూరదృష్టి నాకు అప్పట్లో అందలేదు.

మొదటి రోజున శిక్షకురాలు మాకు చెప్పిన మొదటి సంగతి, నీటిరంగుల్లో తెల్ల రంగు ఉండదని అనుకుని పని మొదలుపెట్టాలని. తెలుపు కావలసిన చోట కాగితాన్ని వదిలేయాలి. లేత రంగులతో మొదలుపెట్టి క్రమంగా ముదురు రంగులకు వెళ్లాలి. తడి ఆరకముందే రెండో రంగు తాకిస్తే రెండూ కలిసిపోతాయి కనుక, కలవాలనుకుంటేనే తాకించాలి. యాక్రిలిక్‌లో పొరపాటు చేస్తే ఆరనిచ్చి దానిమీద మరో పూత వేసి కప్పిపుచ్చుకోవచ్చునట. నీటిరంగు పారదర్శకం కాబట్టి చేసిన ప్రతి తప్పూ పై పూతలోంచి తొంగిచూస్తూనే ఉంటుందట. జీవితంలో నేను చేసిన తప్పుల స్వభావం కూడా దాదాపు ఇదే కావడం వల్ల, ఈ మాధ్యమం నాకోసమే పుట్టిందని అనిపించింది.

మాలో ఒక్కొక్కరికి రెండేసి కాగితాలు ఇచ్చారు. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు తూగే మందపాటి కాగితం. 76 సెంటీమీటర్ల పొడవు, 56 సెంటీమీటర్ల వెడల్పు గల పెద్ద తావును నాలుగుగా కోసినది. ఒకటి బొమ్మకు, రెండోది రంగులు సరిచూసుకోవడానికి. చిత్తు పనికి ఇంత మంచి కాగితం ఎందుకని నేను అడిగితే, రంగు ఒక్కో కాగితంమీద ఒక్కోలా పీల్చుకుంటుంది గనుక వేయబోయే కాగితంమీదే పరీక్షించాలని ఆవిడ ఓపికగా వివరించారు. ఆ తరువాత, ప్రదర్శనలో తారుమారు కాకుండా చిత్రం వెనుక పేరు, శీర్షిక పెన్సిలుతో రాసుకోమన్నారు. నేను శ్రద్ధ గల విద్యార్థిని. బొమ్మ వేశాక రాయవలసిన ఆ వివరాలను వేయకముందే ఒక కాగితం వెనుక ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, "వాన వెలిసిన చెరువు" అని శీర్షిక కూడా పెట్టి, దానిని జాగ్రత్తగా బల్లమీద బోర్లించాను. తక్కిన అనర్థమంతా ఆ శ్రద్ధ వల్లనే జరిగింది. బోర్లించిన కాగితాన్ని మళ్లీ తిప్పి పెట్టుకున్నప్పుడు, బొమ్మకు ఉద్దేశించినది ఏదో, చిత్తుకు ఉద్దేశించినది ఏదో నాకు గాని, ఆ కాగితాలకు గాని గుర్తులేదు.

చెరువు ఎలా వచ్చిందో విస్తరించి చెప్పడం అనవసరం. నీటికోసం థాలో బ్లూ అనే నీలం తీసుకున్నాను. అది ఎంత బలమైన రంగంటే, కుంచె కొసన అంటిన పిసరు చాలు, గిన్నెడు నీళ్లను తన వశం చేసుకుంటుంది. ఒకసారి కాగితంలో ఇంకితే కడిగినా పూర్తిగా పోదు. ఆ నీలం శాంతిస్తుందేమోనని సాయంకాలపు ఎండను నారింజ రంగులో పైన పూశాను. నీలానికీ నారింజకూ వర్ణచక్రంలో ఎదురెదురు స్థానాలని, అవి కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని బురద రంగు మిగులుతుందని శిక్షకురాలు అంతకు గంట క్రితమే చెప్పి ఉన్నారు. వాన వెలిసిన చెరువు కాస్తా, నీళ్లు ఇంకిపోయి పశువులు దిగిన చెరువైంది. అయినా నా దృష్టిలో అది చెరువే. గట్టు ఉంది, చెట్టు ఉంది, చెట్టు నీడ కూడా చెట్టుకు వీలైనంత దగ్గరలోనే ఉంది.

ఇక రెండో కాగితంమీద, నీలాన్ని నీళ్లతో పలుచన చేస్తూ ఎడమనుంచి కుడికి వేసిన ఏడు మచ్చలు, ఒక నారింజ ధార, నీళ్ల డబ్బా పెట్టి తీసిన గుండ్రటి ముద్ర, నా బొటనవేలి గుర్తు, చట్రంలో బొమ్మ చుట్టూ అంచులా పెట్టే మౌంట్ బోర్డు అనే అట్ట కొలతకోసం మూలన వేసుకున్న "38 − 28 = 10" అనే లెక్క ఉన్నాయి. ఆ లెక్క మౌంటుకు ఏ విధంగానూ పనికిరాదని తరువాత తెలిసింది. కాని తీసివేత వరకు తప్పు లేదు.

ప్రారంభోత్సవం సాయంత్రం మా ఆవిడను వెంటబెట్టుకుని, వీలైనంత నిరాడంబరంగా కనిపించే చొక్కా తొడుక్కుని వెళ్లాను. చిత్రాలన్నీ ఒకే వరుసలో, ప్రతి దాని నడిమి బిందువు నేలకు 145 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా కట్టారు. సగటు మనిషి చూపు ఆనే ఎత్తు అదేనట. కాగితంమీద వేసిన రంగులు వెలిసిపోకుండా దీపాల వెలుగు కూడా 50 లక్స్ దాటకుండా తగ్గించారు. ఆ మసక వెలుతురే నాకు కొన్ని నిమిషాలపాటు మనశ్శాంతిని ప్రసాదించింది. నా పేరున్న చీటీ దగ్గరికి చేరి తల ఎత్తేసరికి, అద్దం వెనుక, తెల్లని మౌంటు నడుమ, నల్లని చట్రంలో నా చిత్తు కాగితం వేలాడుతోంది. అదీ తలకిందులుగా.

చీటీమీద "వాన వెలిసిన చెరువు, కాగితంమీద నీటిరంగులు, 28 × 38 సెం.మీ." అని ముద్రించారు. ఎత్తు ముందు, వెడల్పు తరువాత రాయడం ఆ రంగంలో సంప్రదాయం కాబట్టి, కనీసం కొలతలైనా సక్రమంగా ఉన్నాయి. ఆ పక్కనే చీటీమీద ఒక ఎర్రని చుక్క కనిపించింది. నా రంగులు నన్ను ఇక్కడిదాకా వెంబడించాయన్న సిగ్గుతో, ఎవరూ చూడకుండా దానిని గోటితో గీకి తీసి జేబులో వేసుకున్నాను. వెంటనే ఒక కార్యకర్త పరుగున వచ్చి, "సార్, అది అమ్ముడుపోయినదానికి గుర్తు, దయచేసి తీయకండి" అని మరో చుక్క అంటించాడు. ఎవరు కొన్నారని అడిగే ధైర్యం రాక, తలకిందులైన సంగతి మాత్రం అతని చెవిలో వేశాను. అతడు ఏమాత్రం తొణకలేదు. 1961లో న్యూయార్కులోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఆన్రీ మతీస్ వేసిన పడవ చిత్రం 47 రోజులు తలకిందులుగా వేలాడిందనీ, ఒక సందర్శకురాలు పట్టుకుని చెప్పేదాకా అక్కడివారు దాన్ని సరిచేయలేదనీ, మన ప్రదర్శన పది రోజులే గనుక కంగారు పడవలసిన పని లేదనీ నన్ను ఓదార్చాడు.

ఇంతలో ఒక పెద్దమనిషి నా చిత్రం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. చెరువును ఎక్కడా చూపకుండా చెరువును వేయడం సామాన్యమైన విషయం కాదని పక్కనున్న ఆయనకు వివరించసాగారు. ఏడు మచ్చలు క్రమంగా వెలిసిపోతున్న వాన అట. గుండ్రటి డబ్బా ముద్ర చెరువు అట. బొటనవేలి గుర్తు, అందులో తన ముఖం చూసుకుంటున్న మనిషి అట. తలకిందులైన తీసివేత దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. చివరికి నావైపు తిరిగి, "పది మిగిలిందన్నారు. ఏమి మిగిలిందో చెప్పకపోవడంలోనే ఉందండీ అంతా" అన్నారు. మౌంట్ బోర్డు మిగిలిందని చెప్పాలనుకున్నాను. మా ఆవిడ నా మోచేతిని గట్టిగా నొక్కడంతో, ఎంతో బాధ అనుభవించిన కళాకారుడిలా ముఖం పెట్టి ఊరుకున్నాను. నిజానికి బాధ కూడా నిజమే, ఆవిడ గోళ్లు పెంచింది.

2001లో లండన్‌లోని ఒక గ్యాలరీలో డామియన్ హర్స్ట్ కళాఖండంగా పేర్చిపెట్టిన ఖాళీ సీసాలు, కాఫీ కప్పులు, సిగరెట్ పీకలు ఉన్న బూడిదగిన్నెలను పారిశుధ్య కార్మికుడు ఒకాయన చెత్త అనుకుని సంచిలోకి ఎత్తేశాడు. ఆయన పొరపాటును చూసి లోకమంతా నవ్వింది గాని, మా కార్యశాల ముగిసిన సాయంత్రం అటువంటి మనిషి ఒక్కడు మా బల్లల మధ్య తిరిగి ఉంటే నాకు ఈ గతి పట్టేది కాదు.

ప్రదర్శన ముగిసిన రోజున చిత్రాన్ని కొన్న పెద్దావిడ వచ్చి, వెనుక నా సంతకం కావాలన్నారు. కార్యకర్త చట్రాన్ని బల్లమీద బోర్లించి, బిళ్లలు తిప్పి, వెనుక అట్టను పైకెత్తాడు. దాని కింద, నా చిత్తు కాగితానికి వీపు ఆనించి, గట్టుతో, చెట్టుతో, చెట్టు నీడతో సహా నా చెరువు పడుకుని ఉంది. "చట్రం కాస్త వదులుగా ఉంటే, బిగువుకోసం పేరులేని చిత్తు కాగితం ఒకటి పెట్టాం సార్" అన్నాడతను. పది రోజులపాటు నా చెరువు కూడా ప్రదర్శనలోనే ఉన్నదన్నమాట, కాకపోతే గోడకు అభిముఖంగా. ఇదే అసలు చిత్రమని, అద్దంలో ఉన్నది చిత్తు అని నిజం ఒప్పుకునేందుకు నేను గొంతు సవరించుకునేలోపే, పెద్దావిడ చెరువును రెండు వేళ్లతో ఎత్తి చూసి, "పాపం, ఎవరో పసివాడు పాడుచేసుకున్న కాగితం. మంచి బొమ్మ వెనుక ఇలాంటివి పెట్టకూడదు నాయనా" అని నా చేతికి ఇచ్చేశారు. నేను ఆ చేతితోనే సంతకం చేశాను.

అంతటితో పోలేదు. గోడకు అటొకటి ఇటొకటి ఉంటే నిండుగా ఉంటుందనీ, దీనికి జోడీగా అచ్చం ఇటువంటిదే ఇంకొకటి వేసి ఇమ్మనీ ఆవిడ కోరారు. డబ్బు పుచ్చుకున్నవాడిని, కాదనలేకపోయాను. మూడు వారాలుగా రాత్రి భోజనాలైన తరువాత చిత్తు కాగితం వేయడానికి కూర్చుంటున్నాను. నీళ్ల డబ్బాను యథాలాపంగా పెట్టాలని తలచి పెడితే, ముద్ర వృత్తలేఖినితో గీసినట్టు వస్తోంది. తీసివేతను నిర్లక్ష్యంగా రాద్దామంటే, చూచివ్రాత పుస్తకంలోని అంకెల్లా పడుతున్నాయి. నారింజ ధార జారవలసిన చోట జారక, జారకూడని నీలంలోకి సూటిగా వెళ్లి బురద చేస్తోంది. ఇప్పటికి పదకొండు కాగితాలు అయ్యాయి. నిన్నటిదాన్ని ఆరబెడుతుంటే మా ఆవిడ వెనుకనుంచి వచ్చి, తల పక్కకు వంచి చూసి, "ఏమండీ, ఈసారి చెరువు బాగా కుదిరిందండీ, గట్టు కూడా తెలుస్తోంది" అన్నది.