హైతీ మీద ఆ మెసేజ్ ఇక నాకు పంపకండి

ఈ నెలలో ఇది నాలుగోసారి. మొదట డిగ్రీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో. ఆ తర్వాత డాలస్‌లో ఉండే మా బావగారు పంపారు. నిన్న మళ్లీ బ్యాచ్ గ్రూపులోనే ఇంకొకడు. పైన "కళ్లు తెరిపించే నిజం, తప్పక చదవండి" అని ఒక ముక్క.

చదవనివాళ్ల కోసం సారాంశం చెబుతాను. కరీబియన్ సముద్రంలోని హైతీ దేశంవాళ్లకు స్వాతంత్ర్యం ఇస్తే నిలబెట్టుకోలేకపోయారట. క్షుద్రపూజలు చేసి శాపం తెచ్చుకున్నారట. అదే దీవిలో పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్ మాత్రం బాగుపడిందట. 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం ఉన్నప్పుడే అక్కడ రోడ్లూ శాంతీ ఉన్నాయట. ప్రపంచం ఇచ్చిన సాయమంతా మింగేశారట. ఇప్పుడు ముఠాలు మనుషుల్ని తింటున్నాయట. కాబట్టి ఏదో ఒక పెద్ద దేశం వెళ్లి ఇరవయ్యేళ్లు పాలిస్తే తప్ప దారికి రారట.

మూడుసార్లు ఊరుకున్నాను. ఇక నావల్ల కాదు.

శాపం సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. వూడూ అక్కడివాళ్ల మతం. మన బోనాల్లో పోతరాజు కొరడా ఝళిపించడం చూసి బయటివాడెవడో "క్షుద్రపూజ, అందుకే వీళ్ల బతుకులిలా ఉన్నాయి" అని రాస్తే మనకెలా ఉంటుంది? మనుషుల్ని తినే కథకు ఆధారం ఎవరూ చూపించలేదు. ముఠా నాయకుడొకడి మారుపేరు బార్బెక్యూ, అంతే. అతను ఒకప్పుడు పోలీసు. అది మాత్రం మెసేజ్‌లో లేదు.

డొమినికన్ రిపబ్లిక్‌తో పోలికా అంతే. అక్కడికీ అమెరికా సైన్యం 1916లో వెళ్లి 1924 దాకా ఉంది, 1965లో మళ్లీ వెళ్లింది. ఒకే మందు వేసిన ఇద్దరిలో ఒకడు లేచి కూర్చుంటే అది మందు మహిమ, రెండోవాడు లేవకపోతే అది వాడి కర్మ. ఇదెక్కడి వైద్యం?

"స్వాతంత్ర్యం ఇస్తే" అన్నారు. ఎవరిచ్చారు? అది ఫ్రాన్స్ వలస, అక్కడి బానిసలు నెపోలియన్ సైన్యాన్ని ఓడించి 1804లో తీసుకున్నారు. ఇచ్చింది బిల్లు. 1825లో ఫ్రాన్స్ 14 యుద్ధనౌకలు పంపి, పోయిన తోటలకూ బానిసలకూ పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. బానిసత్వం నుంచి బయటపడ్డవాడు యజమానికి నష్టపరిహారం కట్టాలన్నమాట. మొదటి వాయిదాకు పారిస్ బ్యాంకర్ల దగ్గరే 3 కోట్లు అప్పు చేస్తే, వాళ్లు 60 లక్షలు ముందే పట్టుకుని 2 కోట్ల 40 లక్షలు చేతిలో పెట్టారు. కాల్ మనీ వాళ్ల లెక్క తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. ఆ బాకీ తోక 1947లో గానీ తెగలేదు.

ఇక అసలు పాయింటు, నన్ను నిద్రపోనివ్వనిది: "అమెరికా ఉన్నప్పుడే శాంతి, రోడ్లు."

సైన్యం దిగడానికి ఏడు నెలల ముందు, 1914 డిసెంబరు 17న, అమెరికా మెరైన్లు, అంటే నౌకాదళ సైనికులు, రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో హైతీ జాతీయ బ్యాంకుకు వెళ్లి, 5 లక్షల డాలర్ల బంగారాన్ని పెట్టెల్లో మోసుకొచ్చి ఓడకెక్కించారు. అది న్యూయార్క్‌లో ఒక బ్యాంకు ఖజానాకు చేరింది. దేశాన్ని నిలబెట్టడానికి వెళ్లినవాళ్లు ముందు ఇనప్పెట్టె ఎందుకు ఖాళీ చేశారో ఆ మెసేజ్ రాసినాయన చెప్పాలి.

రోడ్లు వేశారు, నిజమే. ఎవరి చేత? 1864 నాటి పాత చట్టమొకటి తవ్వి తీశారు: పన్ను కట్టలేనివాడు రోడ్డు పని చేయాలి. దానికి మన భాషలో మంచి మాట ఉంది, వెట్టి. రైతుల్ని నడుముకు తాళ్లు కట్టి, సొంత ఊళ్లు దాటించి పనికి తోలారు. పారిపోబోయినవాళ్లను కాల్చారు. పోర్ట్-ఓ-ప్రిన్స్ నుంచి ఉత్తర తీరంలోని కాప్-హైతియన్ దాకా పడిన ఆ రోడ్డునే మన గ్రూపులో ఫొటో పెట్టి మెచ్చుకుంటున్నారు.

మన్యంలో ఇదే జరిగింది కదా! నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు దారి వేయడానికి డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చేయించిన వెట్టి నుంచే 1922 పితూరీ రాజుకుంది. బ్యాచ్ గ్రూపులో అల్లూరి బొమ్మ డీపీగా పెట్టుకున్నవాడే ఈ మెసేజ్ పంపాడు. బాస్టియన్‌ను తిడతావు, హైతీలో బాస్టియన్లను పొగుడుతావు. ఎలా కుదురుతుందిరా?

వాళ్లకూ ఒక అల్లూరి ఉన్నాడు. షార్లమాన్ పెరాల్ట్. హైతీ సైన్యంలో అధికారిగా పనిచేసినవాణ్ని ఖైదు చేసి కాప్-హైతియన్ వీధులు ఊడిపించారు. తప్పించుకుని కొండల్లోకి పోయి వేలమంది రైతుల్ని కూడగట్టాడు. 1919 అక్టోబరు 31 రాత్రి ఒక మెరైన్ అధికారి ముఖానికి మసి పూసుకుని, నల్లవాడిలా వేషం కట్టి, పెరాల్ట్ స్థావరంలోకి చొరబడి అతన్ని కాల్చి చంపాడు. శవాన్ని ఒక తలుపుకు కట్టి నిలబెట్టి ఫొటో తీశారు. మొలకు గుడ్డ, వాలిన తల, వెనక జెండా. జనం భయపడాలని ఆ ఫొటో దేశమంతా పంచారు. జనానికి మాత్రం అందులో సిలువ మీది ఏసు కనిపించాడు. శాంతి అంటే ఆ తలుపు. ఈసారి ఆ మెసేజ్ పంపేవాళ్లు ఆ ఫొటో కూడా జతచేయండి.

"సాయం మింగేశారు" దగ్గరికి వద్దాం. ఆర్టిబోనిట్ లోయ అంటే వాళ్ల గోదావరి డెల్టా. 1995లో బియ్యం మీద దిగుమతి సుంకాన్ని 3 శాతానికి దించమని అమెరికావాళ్లు ఒత్తిడి తెచ్చారు. అమెరికా రాయితీ బియ్యం వచ్చి పడింది, అక్కడి రైతు మునిగాడు. ఇది నా మాట కాదు. అది తప్పని, తన సొంత రాష్ట్రం ఆర్కాన్సా రైతులకు లాభించిందేమో గానీ హైతీకి కాదని, అప్పట్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటనే 2010లో ఒప్పుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో మిర్‌బలే అనే ఊరి దగ్గరున్న ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం మురుగు వాగులో కలిసి, ఆర్టిబోనిట్ నదిలోకి కలరా పాకింది. అప్పటికి హైతీలో కలరా ఎరిగినవారు లేరు. ఆ నది నీళ్లే తాగి, అందులోనే బట్టలుతుక్కునే జనం. దాదాపు 10 వేలమంది పోయారు. క్షమాపణ 2016 డిసెంబరులో వచ్చింది, ఆరేళ్ల తర్వాత. ఆ శాంతిసేనలో మన దేశపు పోలీసు బలగాలూ పనిచేశాయి, కాబట్టి ఇది మనకు పట్టని గొడవేం కాదు.

ఇదంతా నిన్న గ్రూపులో పెట్టాను. మా వాడొకడు ఒకే లైను రాశాడు: "అయితే ఇప్పుడు ఎవరూ వెళ్లకూడదంటావా?"

దానికి సూటిగానే చెబుతాను. మెసేజ్‌లో దోపిడీ గురించి ఉన్నదంతా అబద్ధం కాదు. డువాలియర్లు, తండ్రీ కొడుకులు, 1957 నుంచి 1986 దాకా దేశాన్ని పీల్చేశారు. వెనెజులా అరువు మీద చమురు ఇచ్చిన పథకం డబ్బు ఏమైందని అడుగుతూ 2018లో హైతీ కుర్రాళ్లే వీధుల్లోకి వచ్చారు. ఇంకోటి. 2024 జూన్‌లో ముఠాల్ని అణచడానికి కెన్యా పోలీసులు దిగినప్పుడు ఇది మరో ఆక్రమణ అని నేను రాశాను. తొందరపడ్డాను. రాజధానిలో చాలాభాగం ముఠాల చేతిలో ఉంది, 2025 మధ్యకల్లా 13 లక్షలమంది ఇళ్లు వదిలారు. పిల్లల్ని చంకనేసుకుని బడి వరండాలో పడుకున్న తల్లి ఎవరో ఒకరు తుపాకీతో వచ్చి కాపాడమంటే, ఆమెకు 1915 పాఠం చెప్పే హక్కు హైదరాబాద్‌లో కూర్చున్న నాకు లేదు. వెళ్లనీ. కానీ వెళ్లినవాళ్లు తప్పుచేస్తే హైతీ కోర్టులో నిలబడాలి. కలరా బాధితులు న్యూయార్క్ కోర్టుకెక్కితే "మాకు రక్షణ ఉంది" అని ఐక్యరాజ్యసమితి తప్పించుకుంది, అది మళ్లీ జరగకూడదు. పాలించడానికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు, ఇరవయ్యేళ్లు కాదు, ఇరవై రోజులు కూడా.

తుపాకుల మాట ఆ మెసేజ్‌లో ఒక్కటీ లేదు. హైతీలో తుపాకుల ఫ్యాక్టరీ లేదు. ముఠాల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా అమెరికా నుంచి, అందులోనూ ఫ్లోరిడా నుంచి, సరుకు ఓడల్లో పాతబట్టల మధ్యా ఆహార సామాను మధ్యా దాగి వస్తున్నాయి. సైన్యాన్ని పంపేముందు మయామీ రేవులో ఆ పెట్టెలు తెరిచి చూడమనండి.