సర్వర్‌కి ఒక న్యాయం, మనకొక న్యాయం

శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి, అంటే జనం వాడుతున్న సైట్‌లోకి, కొత్త కోడ్ వదిలి, శనివారం పొద్దున్నే సైట్ పడిపోతే పరుగులు పెట్టిన అనుభవం ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘంలో సగం మందికి ఉండే ఉంటుంది. సోమవారం మీటింగ్ పెడతారు. దాని పేరు బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్. (కొత్తలో ఓసారి "పోస్ట్‌మార్టమ్ రాయాలి, మళ్ళీ చేస్తానమ్మా" అని ఫోన్ పెట్టేస్తే మా అమ్మ హడలిపోయింది. మా తెనాలిలో ఆ మాట గవర్నమెంటు ఆసుపత్రి వెనకవైపు తప్ప ఎక్కడా వినపడదు.) ఆ మీటింగ్‌లో ఎవరు చేశారని అడగరు, ఎలా జరిగిందని అడుగుతారు. ఎన్నింటికి ఏం జరిగింది, ఆ నిమిషానికి ఆ మనిషికి ఎంతవరకు తెలుసు, ఇక ముందు జరక్కుండా ఏం మార్చాలి. అంతే.

ఇది కంప్యూటర్ల వాళ్ళు కనిపెట్టింది కాదు. విమానాల వాళ్ళది ఇంకా పాత అలవాటు. పైలట్లు తమ పొరపాట్లను తామే రాసి పంపే ఏర్పాటును ఇక్కడ నాసా 1976 నుంచి నడుపుతోంది. కావాలని చేసింది కాకపోతే, ప్రమాదమో నేరమో కాకపోతే, పది రోజుల్లోపు రాసి పంపినవాడికి సాధారణంగా జరిమానా పడదు. దండిస్తే దాస్తారు, దాస్తే ఇంకో విమానానికి అదే జరుగుతుంది. లెక్క సూటిగా ఉంది.

నేనూ అలాంటి పోస్ట్‌మార్టమ్‌లు చాలా రాశాను. కొత్తగా చేరిన కుర్రాడు డేటాబేస్ చెరిపేస్తే, "మీ తప్పు కాదండీ, ఆ కమాండ్ అంత సులువుగా నడవనివ్వడం మా తప్పు" అని భుజం తట్టినవాణ్ణే. కానీ నా విషయం వచ్చేసరికి ఆ పద్ధతి గుర్తు రాలేదు.

2022 సెప్టెంబరు. వారం రోజుల ఆన్‌కాల్ డ్యూటీ, అంటే ఏ అర్ధరాత్రి సర్వర్‌కి ఏమైనా లేచి చూసే వంతు, ఆ రాత్రే అయిపోయింది. హమ్మయ్య అనుకుని ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. డల్లాస్‌లో రాత్రి 2:10కి, అంటే తెనాలిలో మధ్యాహ్నం పన్నెండు నలభైకి, అన్నయ్య మొదటి కాల్. మొత్తం నాలుగు. ఆరున్నరకు లేచి చూసేసరికి నాన్న పోయి నలభై నిమిషాలైంది.

ఆ తర్వాత ఏడాది పైగా నాలో ఒక గొంతు ఆగకుండా తిట్టింది. "కంపెనీ సర్వర్‌కి ఏడు రాత్రులు మేలుకున్నావు, కన్నతండ్రికి ఒక్క రాత్రి మేలుకోలేకపోయావు. నీదీ ఒక బతుకే." గమనించారో లేదో, పగలంతా ఇంగ్లీషులో బతికేవాళ్ళం కూడా తిట్టుకునేది మాత్రం అచ్చ తెలుగులోనే. అదీ ఏకవచనంలో. ఆఫీసులో ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి మీరు అనేవాణ్ణి, నన్ను నేను అనుకున్న మాటల్లో సగం ఈ పత్రికలో అచ్చు వేయలేరు.

ఓదార్చడానికి వచ్చినవాళ్ళంతా "నీ తప్పేం లేదు" అన్నారు. అది నాకు ఎక్కలేదు. ఎందుకంటే అబద్ధం. ఫోన్ సైలెంట్‌లో పెట్టింది నేనే. పోస్ట్‌మార్టమ్ గొప్పతనం నాకు అక్కడే తెలిసింది. అది తప్పు లేదనదు. తప్పు ఎంతో అంతే రాయమంటుంది.

ఒక ఆదివారం కాగితం తీసుకుని నిజంగానే రాశాను. 2:10కి ఎత్తి ఉంటే? దొరికేది ఆ సాయంత్రం ఫ్లైటే, తెనాలి చేరేసరికి మూడో రోజు. గుంటూరు ఆసుపత్రి, డాక్టరు, గుండెపోటు, ఏదీ మారేది కాదు. ఇక్కడిదాకా రాసేసరికి కాస్త ఊపిరాడింది. ఆ రోజు ఏమేం జరిగిందో సరిచూసుకుందామని అన్నయ్యకు ఫోన్ చేశాను. వాడు కాసేపు ఆగి చెప్పాడు. "అంబులెన్సులో నాన్నకి తెలివి ఉందిరా. చిన్నోడికి చెప్పావా అని అడిగాడు."

అంబులెన్సులో గడిచిన ఆ ముప్పావుగంట ఉంది. ఆ ఫోన్ ఎత్తి ఉంటే నాన్న గొంతు వినేవాణ్ణి. దానికి కాగితం మీద ఏ సర్దుబాటూ లేదు, నేను వెతకలేదు కూడా. కానీ చూడండి, "నాన్నను చంపుకున్నావు" అన్న గొంతుకీ, "ఒక ముప్పావుగంట పోగొట్టుకున్నావు" అన్న లెక్కకీ ఎంత తేడా ఉందో. మొదటిదానితో ఏమీ చేయలేం. రెండోదానికి ఏడవొచ్చు. ఆ రోజు అన్నయ్యా నేనూ ఫోన్లో ఏడ్చాం, ఏడాదిలో మొదటిసారి.

ఇలా అంటే మనవాళ్ళ దగ్గర తయారుగా ఉండే అనుమానం ఒకటుంది. తిట్టుకోకపోతే బద్ధకం వస్తుంది కదా అని. మనల్ని పెంచిందే ఆ సూత్రం మీద. బర్క్‌లీలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి దీని మీదే. కష్టమైన పదాల పరీక్ష పెట్టి, సరిగ్గా చేయలేకపోయిన విద్యార్థుల్లో కొందరికి మాత్రం "ఇది అందరికీ కష్టమే, మిమ్మల్ని మీరు కటువుగా చూసుకోకండి" అన్నారు. రెండో పరీక్షకు మిగతావాళ్ళ కంటే ఎక్కువసేపు చదివింది వాళ్ళే. నాకు ఆశ్చర్యమేమీ అనిపించలేదు. తిట్లకు భయపడే టీములో లాగ్‌లు (ఏం జరిగిందో సర్వర్ రాసుకునే చిట్టాలు) ఎవరూ తెరవరని మనకు తెలిసిందేగా. నేనూ ఏడాది పాటు ఆ నాలుగు మిస్డ్ కాల్స్ తెరిచి చూడలేదు. అన్నయ్యను ఏం జరిగిందని అడగనేలేదు.

పోస్ట్‌మార్టమ్ చివర ఏం మార్చాలో రాయాలి. నేను రాసింది ఒకే లైను. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా అమ్మ, అన్నయ్య నంబర్లు మోగాలి. రెండు నిమిషాల పని.

ఈ మే నెలలో ఓ రాత్రి మూడింటికి మోగింది. గుండె జారిపోయింది.

"పడుకున్నావా నాన్నా? ఏం లేదు, ఆవకాయకి కాయలు కొట్టిస్తున్నా. నీకెన్ని కేజీలు పెట్టమంటావు?"

"రెండు పెట్టమ్మా" అన్నాను.