2023 బొటాఫోగో సీజన్: టికిన్యోని తిట్టడం ఇకనైనా ఆపండి

మళ్ళీ ఎవరో 2023 బ్రెజిల్ ఫుట్‌బాల్ లీగ్ పాయింట్స్ టేబుల్ స్క్రీన్‌షాట్ పెట్టారు, కింద కామెంట్లలో రియో క్లబ్ బొటాఫోగో మీద అందరిదీ ఒకటే పాట, చోకర్స్ అంట, శాపం తగిలిన క్లబ్ అంట, దమ్ము లేని ప్లేయర్లంట. ఆ సీజన్ మొత్తం ఫాలో అయినవాడిగా ఇది చదివితే నాకు ఒళ్ళు మండిపోతోంది. అసలు ఏం జరిగిందో వరసగా చూస్తే ఆ టీమ్‌ని ముంచింది ఎవరో చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది, కానీ ఎవరికీ అంత ఓపిక లేదు, వాళ్ళ స్ట్రైకర్ టికిన్యో పెనాల్టీ మిస్సయిన ఒక్క క్లిప్ చూసి తీర్పు చెప్పేస్తారు.

తెలియనివాళ్ళ కోసం, బ్రెజిల్ టాప్ లీగ్‌లో 20 టీమ్‌లు, ఒక్కో టీమ్‌కి 38 మ్యాచ్‌లు, ప్లేఆఫ్, ఫైనల్ ఏమీ ఉండవు, చివరికి ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వాళ్ళే ఛాంపియన్. 2023లో సగం సీజన్ అయ్యేసరికి, అంటే 19 మ్యాచ్‌లకి, బొటాఫోగోకి 47 పాయింట్లు. రెండో ప్లేస్‌లో ఉన్నోళ్ళకంటే 13 ఎక్కువ. మిగతా 19 మ్యాచ్‌లలో వచ్చినవి 17 పాయింట్లు. చివరి 11 మ్యాచ్‌లలో ఒక్క గెలుపు కూడా లేదు. మొత్తం 64తో ఐదో ప్లేస్, 70తో పల్మేరాస్ ఛాంపియన్.

ఇది మామూలు క్లబ్ అయితే ఇంత బాధ ఉండేది కాదు. గరించా, నిల్టన్ సాంటోస్, జైర్జిన్యో లాంటి బ్రెజిల్ దిగ్గజాలు ఆడిన క్లబ్ ఇది, కానీ అప్పటికి చివరిసారి లీగ్ గెలిచింది 1995లో. 2020 సీజన్‌లో అట్టడుగున నిలిచి సెకండ్ డివిజన్‌కి పడిపోయింది, నెత్తి మీద కొండంత అప్పు. తర్వాత బ్రెజిల్‌లో క్లబ్‌లని కంపెనీలుగా మార్చుకునే చట్టం వచ్చింది, 2022లో అమెరికా వ్యాపారి జాన్ టెక్స్టర్ వచ్చి కొన్నాడు. అక్కడి నుంచి రెండో ఏడాదికే టేబుల్ టాప్. 1995లో పుట్టినోడికి అప్పటికి 28 ఏళ్ళు, వాడి ఊహ తెలిశాక టైటిల్ అనేదే చూళ్ళేదు, నోటి దాకా వచ్చిన ముద్ద అలా జారిపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆ టీమ్‌ని కట్టింది పోర్చుగల్ కోచ్ లూయిస్ కాస్ట్రో. టీమ్ టాప్‌లో ఉండగానే జూన్ ఆఖర్లో సౌదీకి, రొనాల్డో ఆడే అల్ నస్ర్‌కి వెళ్ళిపోయాడు. పోయాడు సరే. టెంపరరీగా కూర్చోబెట్టిన కసాపా ఏమీ కెలక్కుండా అదే టీమ్‌ని అదే పద్ధతిలో ఆడించాడు, గెలుస్తూనే ఉన్నారు. నడుస్తున్న బండిని నడవనివ్వొచ్చు కదా, లేదు, బ్రూనో లాజ్ అనే కొత్త కోచ్‌ని తెచ్చారు. సెప్టెంబర్ మొదట్లో ఫ్లమెంగో చేతిలో 2-1తో ఓడగానే ఆయన ప్రెస్ మీట్‌లో కూర్చుని నా పదవి మీ చేతుల్లో పెడుతున్నా అనేశాడు. టేబుల్‌లో అంత ముందున్న టీమ్ కోచ్ అనాల్సిన మాటేనా అది? ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో ప్లేయర్ల పరిస్థితేంటి అప్పుడు? తర్వాత గోయాస్‌తో మ్యాచ్‌కి తమ టాప్ స్కోరర్ టికిన్యో సోయారెస్‌నే బెంచ్ మీద కూర్చోబెట్టాడు, 1-1 డ్రా, మర్నాడే ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత లూసియో ఫ్లావియో, ఒకప్పుడు ఇదే క్లబ్‌కి ఆడినోడు, మంచోడే, కానీ హెడ్ కోచ్‌గా పెద్ద అనుభవం లేదు. నవంబర్‌లో ఆయన్నీ పక్కన పెట్టి టియాగో నూనెస్‌ని తెచ్చారు, అప్పటికి మిగిలినవి గుప్పెడు మ్యాచ్‌లు. కసాపాతో కలిపి ఒక్క సీజన్‌లో ఐదుగురు. మీ ఆఫీసులో ఒక్క ఏడాదిలో ఐదుగురు మేనేజర్లు మారి, ఒక్కొక్కడూ వచ్చి పని పద్ధతి మార్చమంటే మీ పని ఎలా తగలడుతుందో మీకు తెలీదా?

ఇక నవంబర్ 1 మ్యాచ్, అందరూ షేర్ చేసే క్లిప్ దీనిదే. రియోలో నిల్టన్ సాంటోస్ స్టేడియం, ఎదురుగా పల్మేరాస్. ఫస్టాఫ్‌లో ఎడ్వార్డో ఒకటి, చే చే ఒకటి, జూనియర్ సాంటోస్ ఒకటి, 3-0. స్టేడియం ఊగిపోతోంది. సెకండాఫ్ మొదలవగానే 17 ఏళ్ళ ఎండ్రిక్ ఒకడే డిఫెన్స్‌ని చీల్చుకుంటూ వెళ్ళి గోల్ కొట్టాడు, 3-1. అప్పటికీ భయం లేదు. డెబ్భై అయిదో నిమిషం దాటాక అడ్రియెల్సన్‌కి రెడ్ కార్డ్, పది మంది మిగిలారు. తర్వాత బొటాఫోగోకే పెనాల్టీ వచ్చింది. అది పడితే 4-1, మ్యాచ్ అక్కడితో అయిపోయినట్టే. టికిన్యో కొట్టాడు, పల్మేరాస్ గోల్‌కీపర్ వెవెర్టన్ ఆపేశాడు. ఆ వెంటనే మళ్ళీ ఎండ్రిక్, 3-2. చివర్లో ఫ్లాకో లోపెజ్, 3-3. ఇంజురీ టైమ్ తొమ్మిదో నిమిషంలో మురిలో, 3-4. మనకి అప్పటికి తెల్లారిపోయింది, ఎంతసేపు స్కోర్ చూస్తూ ఉండిపోయానో నాకే తెలీదు.

సరే, పెనాల్టీ మిస్సయ్యాడు. అదే టికిన్యో ఆ లీగ్‌లో 17 గోల్స్ కొట్టాడు, ఉరుగ్వే స్టార్, గ్రేమియో ప్లేయర్ సువారెజ్ కొట్టినన్ని. ఆ 17 లేకపోతే 13 పాయింట్ల లీడ్ ఆకాశం నుంచి ఊడిపడేదా?

పల్మేరాస్ మ్యాచ్ అవ్వగానే ఓనర్ టెక్స్టర్ ఏం చేశాడు? గ్రౌండ్‌లోకొచ్చి ఇది అవినీతి, ఇది దొంగతనం అని అరిచాడు, బ్రెజిల్ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ప్రెసిడెంట్ రాజీనామా చెయ్యాలన్నాడు. రెడ్ కార్డ్ మీద వాదించుకోవచ్చు, కాదనను. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, తన నిర్ణయాల వల్ల టీమ్ కంగారులో ఉంటే రిఫరీ మీద పడితే ఏం లాభం? ఆ రాత్రి ప్లేయర్లకి కావాల్సింది భుజం మీద ఒక చెయ్యి. ఓనరే మన దగ్గర దోచుకున్నారు అంటుంటే వాళ్ళు తర్వాతి మ్యాచ్‌కి ఏ మనసుతో దిగుతారు?

దిగారు, వాస్కో చేతిలో 1-0తో ఓడారు. తర్వాత గ్రేమియోతో మ్యాచ్, దీని గురించి ఎవరూ మాట్లాడరు. టైటిల్ రేస్ మధ్యలో సొంత స్టేడియంలో మ్యూజిక్ కన్సర్ట్ ఉందని హోమ్ మ్యాచ్‌ని వాస్కో వాళ్ళ గ్రౌండ్ సావ్ జనువారియోలో ఆడారు! అక్కడ 3-1 లీడ్‌లో ఉన్నారు, 36 ఏళ్ళ సువారెజ్, ఆ పాడైపోయిన మోకాళ్ళతో, హ్యాట్రిక్ కొట్టి 3-4 చేశాడు. ఆ తర్వాత బ్రగాంటినో, ఫోర్టలేజా, సాంటోస్, కొరిటీబా, క్రుజేరో, అన్నీ డ్రాలే. కొరిటీబా మ్యాచ్‌లో అయితే ఇంజురీ టైమ్‌లో టికిన్యోనే గోల్ కొట్టి ముందుకు తెచ్చాడు, సంబరం పూర్తికాకముందే ఎదుటోళ్ళు సమం చేసేశారు.

ఇప్పుడు పల్మేరాస్ సంగతి చూడండి. వాళ్ళకి కష్టాలు రాలేదా? అక్టోబర్‌లో సొంత గ్రౌండ్‌లో అర్జెంటీనా క్లబ్ బోకా చేతిలో పెనాల్టీల్లో ఓడి లిబర్టడోరెస్ (దక్షిణ అమెరికా క్లబ్‌ల పెద్ద కప్పు) సెమీస్‌లో ఇంటికెళ్ళారు, లీగ్‌లో కూడా వరసగా ఓడారు, సొంత అభిమానులే ప్రెసిడెంట్ లేలా పెరేరా మీద విరుచుకుపడ్డారు. అయినా కోచ్ ఏబెల్ ఫెరేరాని కదిలించలేదు. 2020 నుంచి అదే మనిషి. 3-0తో వెనకబడ్డప్పుడు హాఫ్‌టైమ్‌లో ఆ ప్లేయర్లకి మాట చెప్పింది మూడేళ్ళుగా తెలిసిన గొంతు, అవతల పక్క చెప్పింది నెల రోజుల కిందట కుర్చీలో కూర్చున్నాయన. ఇంతకంటే ఏం చెప్పాలి?

అదే సీజన్‌లో పీలే క్లబ్ సాంటోస్ చరిత్రలో మొదటిసారి సెకండ్ డివిజన్‌కి పడిపోయింది, పీలే పోయి ఏడాది కూడా తిరగలేదు అప్పటికి. వాళ్ళకి ఆ ఏడాది కోచ్‌లెంతమందో తెలుసా, నలుగురు. అక్కడా అదే రోగం.

బొటాఫోగోకి దమ్ము లేదు అన్నోళ్ళకి 2024 గుర్తుచేస్తా. లూయిజ్ హెన్రికే, అల్మాడా లాంటి కొత్త ప్లేయర్ల మీద డబ్బు బాగానే పెట్టారు, అది నిజం. కానీ కెప్టెన్ ఎవరు? 2023లో జనం బూతులు తిట్టిన మార్లన్ ఫ్రెయిటాసే. ఏప్రిల్‌లో వచ్చిన కోచ్ ఆర్తుర్ జార్జ్‌ని సీజన్ అయ్యేదాకా ఉండనిచ్చారు. నవంబర్ 26న పల్మేరాస్ గ్రౌండ్‌కే వెళ్ళి 3-1తో కొట్టారు. నాలుగు రోజులకి బ్యూనస్ ఐరిస్‌లో లిబర్టడోరెస్ ఫైనల్, మొదటి నిమిషంలోనే బొటాఫోగో ప్లేయర్ గ్రెగోరెకి రెడ్ కార్డ్, మ్యాచ్ మొత్తం పది మందితో ఆడి అట్లెటికో మినేరోని 3-1తో ఓడించారు. మూడో గోల్ జూనియర్ సాంటోస్‌ది, అవును, ఆ 3-4 రాత్రి గోల్ కొట్టి కూడా ఓడిన అదే జూనియర్ సాంటోస్, ఒకప్పుడు తాపీ పనికి వెళ్ళిన మనిషి. డిసెంబర్‌లో లీగ్ కూడా వాళ్ళదే, 79 పాయింట్లు. పది మందితో ఫైనల్ గెలిచినోళ్ళా దమ్ము లేనోళ్ళు?

నాకు ఇంకా కోపమెందుకంటే క్లబ్ ఆఫీసు ఏమీ నేర్చుకోలేదు. 2025 మొదట్లో ఆర్తుర్ జార్జ్ ఖతార్ వెళ్ళిపోయాడు, కొత్త కోచ్‌ని వెతకడానికి వారాలకి వారాలు పట్టింది. చివరికి రెనాటో పైవా వచ్చాడు. జూన్‌లో క్లబ్ వరల్డ్ కప్‌లో, అప్పుడే యూరప్‌లో ఛాంపియన్స్ లీగ్ గెలిచి వచ్చిన ప్యారిస్ క్లబ్ పీఎస్‌జీని 1-0తో ఓడించాడు. తర్వాత నాకౌట్‌లో పల్మేరాస్‌తో ఎక్స్‌ట్రా టైమ్ దాకా పోరాడి ఒక్క గోల్ తేడాతో ఓడాడు. దానికే పీకేశారు. పీఎస్‌జీని ఓడించి రెండు వారాలు కూడా కాలేదు.