వీటన్ కాలేజీ నిబంధన గారికి ఒక గోడ దూకినవాడి ఉత్తరం

మహారాజశ్రీ వీటన్ కాలేజీ కమ్యూనిటీ కావెనెంట్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇల్లినాయి రాష్ట్రంలో, షికాగోకి పడమర దిక్కున పాతిక మైళ్ళ దూరంలో తమరు క్షేమమని తలుస్తాను. అక్కడి ప్రొటెస్టెంట్ క్రైస్తవ కాలేజీలో చదివేవాళ్ళూ పనిచేసేవాళ్ళూ ఎలా నడుచుకోవాలో చెప్పి, సంతకం పెట్టించుకునే కాగితం కదా తమరు. తమర్ని తెలుగులో ఏమని పిలవాలన్న దగ్గరే నాకు చిక్కొచ్చి పడింది. మా బైబిల్లో కావెనెంట్‌ని నిబంధన అంటారు. పాత నిబంధన, కొత్త నిబంధన. రాత్రి తొమ్మిది దాటితే గేటు తీయరు అని మా హాస్టల్ గోడ మీద రాసిందీ నిబంధనే. 2003లో మీ పెద్దలు బాధ్యతల ప్రకటన అనే పాత కాగితాన్ని తీసేసి, ఆ చోట మిమ్మల్ని కూర్చోబెట్టారు. ఇంగ్లీషులో హోదా పెరిగింది. తెలుగులో మాత్రం తమరు ఇంకా ఆ గేటు దగ్గరే ఉన్నారు, ఏమీ అనుకోకండి.

తమరొచ్చిన ఏడాదే నవంబరులో, ఒక శుక్రవారం సాయంత్రం, కాలేజీ జిమ్‌లో విద్యార్థులు డాన్సు చేశారు. 1860లో పెట్టిన కాలేజీ, 143 ఏళ్ళకి మొదటి డాన్సు. సినిమా, పేకాట మీద నిషేధాలు అంతకుముందే ఒక్కొక్కటిగా సడలాయి. సంతోషం. కానీ ఆ 143 ఏళ్ళలో గది తలుపు గడియ పెట్టుకుని, ఒంటరిగా, చప్పుడు కాకుండా అడుగులు వేసిన కుర్రాళ్ళ తప్పులు మాఫీ అయ్యాయా, ఇంకా ఖాతాలోనే ఉన్నాయా?

ఇక మందు సంగతి. డిగ్రీ విద్యార్థులు మందు, పొగాకు ఎక్కడా ముట్టకూడదు. పెద్దవాళ్ళయితే జాగ్రత్తగా, ప్రేమతో కూడిన విచక్షణతో పుచ్చుకోవచ్చు, పిల్లలు లేనిచోట. ఈ వాక్యం చదివి నాకు కళ్ళు చెమర్చాయండీ. మా నాన్నగారి తరం మొత్తం పాటించింది ఇదే కదా! ఇంటికొచ్చే ముందు కిళ్ళీకొట్టు దగ్గర ఆగి, వక్కపొడి నోట్లో పోసుకుని, ఒక పక్కకి తిరిగి మాట్లాడేవారు. దానికింత అందమైన పేరుందని తెలియకుండానే పోయారు, పాపం.

కిందటి వేసవిలో మీ క్యాంపస్‌లో, రచయితల కాగితాలూ వస్తువులూ దాచిపెట్టే వేడ్ సెంటర్‌కి వెళ్ళాను. పిల్లల్ని బీరువాలోంచి ఇంకో లోకానికి పంపిన నార్నియా కథల రచయిత సి.ఎస్. లూయిస్ గారి చెక్క బీరువా అక్కడుంది, వాళ్ళ తాతగారు స్వయంగా చేసింది. ముదురు రంగు కర్ర, తలుపుల మీద చెక్కుడు పని. జనం దాని ముందు గుళ్ళో నిలబడ్డట్టు నిలబడుతున్నారు. ఆయనేమో పైపు వదలని మనిషి, స్నేహితులతో పబ్బులో కూర్చుని బీరు తాగుతూ దేవుడి గురించి మాట్లాడినవాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు పచ్చి నాస్తికుడు కూడా. ఆ వయసులో మీ దగ్గరికి అప్లికేషన్ పెట్టుకుంటే ఏమయ్యేదో గానీ, బీరువాకి మాత్రం సీటు దొరికింది.

మీ అన్నగారిని కూడా అడిగానని చెప్పండి. అదే, కాలేజీ ఏమేం నమ్ముతుందో రాసిపెట్టిన 1926 నాటి విశ్వాస ప్రకటన గారు. అధ్యాపకులు ఏటా ఆయనకి మళ్ళీ ఊఁ కొట్టాలట. 2004లో ఒక ఫిలాసఫీ మాస్టారు కాథలిక్ అయ్యారు. ప్రకటనకి నేనింకా కట్టుబడే ఉన్నానన్నా కాంట్రాక్టు పొడిగించలేదు. 2015 డిసెంబరులో లరీషియా హాకిన్స్ అనే పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్, క్రిస్మస్ ముందు రోజుల్లో ముస్లింలకు తోడుగా హిజాబ్ కట్టుకుని, మనమూ వాళ్ళూ కొలిచేది ఒకే దేవుణ్ణి అని రాశారు. ఆవిణ్ణి సెలవు మీద పంపారు. గుడ్డ గురించి కాదు, మాట గురించి అన్నారు. ఫిబ్రవరికల్లా పరస్పర అంగీకారంతో ఆవిడ వెళ్ళిపోయారు. ఈ పరస్పర అంగీకారం మా ఉమ్మడి కుటుంబాల్లో కోడళ్ళు వేరు కాపురం పెట్టేటప్పుడు నేను చాలాసార్లు చూశాను.

మీ కాలేజీ తొలి అధ్యక్షుడు జొనాథన్ బ్లాంచర్డ్ బానిసత్వానికి ఎదురు నిలిచిన మొండిమనిషి. అప్పట్లో చాలా చర్చిలకే ఆ మాట రుచించేది కాదు. ఆయన ఎవరి కాగితం మీద సంతకం పెట్టి ఆ మాటలన్నాడో వీలుంటే కనుక్కోండి.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. తమరు కాగితం మీద ఉన్నారు, చదువుకుని సంతకం పెట్టొచ్చు. మా మిషన్ హాస్టల్లో గేటు టైము తప్ప గోడ మీద ఏమీ ఉండేది కాదు. మిగతా చట్టమంతా వార్డెన్ గారి టార్చిలైటులో ఉండేది. ఒకసారి గోడ దూకి సెకండ్ షోకి పోయాం. ఇంటర్వెల్లో గోలీసోడా దగ్గర ఆయనే ఎదురుపడ్డారు, మెడలో మఫ్లరు, చేతిలో పల్లీల పొట్లం. మా వైపు చూసి చాలాసేపు ఏమీ అనలేదు.

"నేను లోపలికెళ్ళాక ఓ పది నిమిషాలు ఆగి దూకండి," అన్నారు చివరికి.

ఇట్లు,
తమ విధేయుడు
(సంతకం మాత్రం అడక్కండి)