పత్తి వండుకుంటవా?

హనుమకొండలో ఒక కర్రీ పాయింట్ వంటిల్లు. ఆషాఢం. వదిన దాని యజమానురాలు. మరదలు నర్సంపేట దిక్కు రైతు. "మన దగ్గర పండిందే, ఆ కాలంల వచ్చిందే తినాలె" అని మరదలు అన్నందుకు మొదలైంది లొల్లి.

మరదలు: ఆ మూకుట్ల పోస్తున్న పామాయిలు ఏడికెళ్ళి వచ్చిందో ఎరుకేనా వదినా? ఇండోనేషియా, మలేషియా. దేశం వాడే వంటనూనెల సగానికి మించి బయటికెళ్ళే వస్తది. 2022 ఏప్రిల్‌ల ఇండోనేషియా ఎగుమతి బందు పెడితే నువ్వు బజ్జీలు బందు పెట్టినవ్.

వదిన: నెల తిరగకముందే మళ్ళ వదిలిన్రు కదా! పల్లినూనెతోటి వండి ఆ ధర చెప్తే హాస్టల్ పిలగాండ్లు నా గడప తొక్కుతరా?

మరదలు: తిండికి ఇంకోని మొఖం జూసుడు మంచిది కాదు. 1965ల యుద్ధమప్పుడు అమెరికా గోధుమలు బిగబట్టింది. లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం ఒక పూట తినకుండుండ్రి అనాల్సి వచ్చింది.

వదిన: ఆ కరువు తీరింది. ఇప్పుడు వడ్లు ఎక్కువైనయనే గోస. యాసంగి ఎండలకు వడ్లు మర పట్టిస్తే నూకైతయని ఉప్పుడు బియ్యం చేస్తరు. మనం తినం, కేరళ, తమిళనాడు దిక్కు తింటరు. ఆ బియ్యం ఇక తీసుకునేది లేదని 2021ల కేంద్రం అంటే ఊర్లల్ల ఎంత ఆగమైంది! ఎవల దగ్గర పండింది వాళ్ళే తినాలంటే మన యాసంగి వడ్లు ఎవలు కొనాలె? ఎనుమాముల మార్కెట్ల పోసిన మిర్చంత వరంగలోళ్ళే తినాల్నా?

(మరదలు కాసేపు మాట్లాడలేదు. పక్కన వింటున్న నాకూ జవాబు తోచలేదు.)

మరదలు: అమ్ముకునుడు వద్దంటలేను. ఏడాదంత టమాట కావాలె అనుడే వద్దంటున్న. ఎండకాలమైతే మదనపల్లి లారీకి ఎదురుచూసుడు, 2023 జులై లెక్క కిలో వంద దాటితే నెత్తికి చేతులు పెట్టుకునుడు. టమాట చేసే పని ఏంది? పులుపు. ఎండకాలం చింతచిగురు ఉన్నది, మామిడికాయ ఉన్నది. వానలు పడంగనే పుంటికూర వస్తది. ఏ కాలం పులుపు ఆ కాలానికి ఉండనే ఉన్నది.

వదిన: (బోడకాకరకాయ ఒకటి తీసుకొని) ఇదీ కాలపు కూరనే. పైన ముళ్ళు గీకాలె, నడిమికి చీరాలె, ముదిరిన గింజ గోటితోటి తియ్యాలె. రెండు కిలోలు చేసేసరికి పొద్దు పోతది. ధర అడిగితే కోడికూర అగ్గువ అనిపిస్తది. చింతచిగురు కూడ గంతే. కాలపు కూర గొప్పోళ్ళ కూరైంది మరదలా.

మరదలు: పండిచ్చేటోళ్ళు, ఏరేటోళ్ళు తగ్గినంక పిరం కాదా?

వదిన: మరి మీ చెల్కల ఈ ఏడు ఏమేసిన్రు?

మరదలు: పత్తి.

వదిన: పత్తి వండుకుంటవా?

మరదలు: నవ్వకు. 2025ల కందికి మద్దతు ధర క్వింటాలుకు 8,000 చేసిన్రు. కాయితం మీద. 2021ల దిగుమతికి గేట్లు ఎత్తినకాడికెళ్ళి మొజాంబిక్, టాంజానియా, మయన్మార్ కందులు దిగుతనే ఉన్నయ్. మా పంట బజారుకొచ్చే యాళ్ళకు ధర పడిపోతది. పత్తి ఇష్టమై వేస్తున్నమా?

వదిన: దిగుమతి ఆపితే నా గిన్నెల పప్పు పలచనైతది. ఇక్కడ పప్పు కొనుక్కపోయే పిలగాడు కూడ రైతు కొడుకే.

(ఈ మాటకైతే నా ఓటు వదినకే. కానీ ఆ పిల్లవాడి తండ్రి చేనూ అక్కడే ఉంది.)

మరదలు: అగ్గువకు పెట్టుడు అందరికి కావాలె, నష్టం మాత్రం మా నెత్తిన్నేనా?

వదిన: సరే, వచ్చే ఏడు రెండెకరాలు కంది వెయ్యి. పప్పు పట్టించి తెస్తే నేనే తీసుకుంటా.

మరదలు: ఎంతకు?

వదిన: ఆనాటి మార్కెట్ ధరకు.

మరదలు: మళ్ళ గదేనా! విత్తనం పెట్టకముందే ధర చెప్పు.

వదిన: చెప్తా. తీరా బయట ధర పెరిగితే ఆడికి మోసుకపోవద్దు మరి.

మరదలు: ముందుగాల చెప్పు, చూద్దాం.